మానిటరింగ్‌ను 'అరుసుకోవడం' అనొచ్చా?

పాలిటెక్నిక్ పిల్లల కోసం రౌటర్ల మీద తెలుగులో ఒక పాఠం రాస్తున్నాను. అందులో మేనేజ్‌మెంటు, మానిటరింగు పక్కపక్కనే వస్తాయి. చాలామంది రెండింటికీ 'పర్యవేక్షణ' అనే రాస్తారు. మానిటరింగ్‌కు 'నిఘా' అనేవాళ్లూ ఉన్నారు. నిఘా అనుమానం ఉన్నచోట పెట్టేది. రౌటర్ మీద మనకేం అనుమానం? దాని బాగోగులే కదా కావాలి.

మా హనుమకొండ వైపు ఇంకో మాట వాడుకలో ఉంది: అరుసుకోవడం. ఊళ్లల్ల 'అర్సుకునుడు' అంటరు. 'ఆ ముసలామెను అర్సుకునేటోళ్లు లేరు', 'బాయికాడికి పోయి మోటరు అర్సుకొని రాపో'. కావ్యాల్లో కనిపించే అరయు, అరసు ఈ కుటుంబానివే. పర్యవేక్షణ అంటే పై అధికారి చూపు. అరుసుకోవడమంటే దగ్గరికి పోయి ఎట్లున్నవని అడగడం.

నెట్‌వర్క్ పరికరాల బాగోగులు తెలుసుకోవడానికి 1988 నుంచి ఉన్న పద్ధతి ఎస్ఎన్ఎంపీ. అది చేసేది కూడా అడగడమే. సర్వర్ ఐదు నిమిషాలకోసారో, మనం పెట్టిన వ్యవధికోసారో రౌటర్‌ను అడుగుతుంది: ఏ పోర్టు పనిచేస్తోంది, ఎంత డేటా పోయింది, ఆగకుండా ఎంతసేపటి నుంచి నడుస్తున్నావు? దీని పేరు 'గెట్'. సెట్టింగు మార్చేది 'సెట్'. మొదటిదానికి అరుసుకోవడం, రెండోదానికి చక్కబెట్టడం అనాలని నా ఆలోచన. ఏమంటారు?

జవాబు, కరీంనగర్ నుంచి:
బాగుందన్నా. కానీ 'ట్రాప్' వదిలేసినవు. లింకు తెగితే ఎవరూ అడగకముందే రౌటర్ తనంతట తానే చెప్పుకుంటుంది. మనం అడిగేది 161 నంబరు పోర్టులో (ఇది తీగ పెట్టే పోర్టు కాదు, సాఫ్ట్‌వేర్ ద్వారం నంబరు), ఈ కబురు వచ్చేది 162కు. దీన్ని 'ఉచ్చు' అని మాత్రం రాయకు. 'మొర' అను. ఉన్నావా అని చిన్న సందేశం పంపి జవాబు కోసం చూసే పింగ్‌కు పలకరింపు సరిపోతది. కాకుంటే పిల్లలకు ఒకటి చెప్పాలె: పలకనంత మాత్రాన రౌటర్ పోయినట్టు కాదు. పింగ్ వాడే ఐసీఎంపీ సందేశాలను ఫైర్‌వాల్ ఆపితే, లోపల అంతా నడుస్తున్నా పలకదు.

జవాబు, నర్సంపేట నుంచి:
తమ్మీ, అడ్మిన్‌కు 'నీరటి' అని పెట్టరాదు? మా పాకాల దిక్కు చెరువులకు నీరటికాడే తూము తెరిచేది, వానాకాలం కట్ట పొడుగునా తిరిగి బుంగ పడ్డదేమో చూసేది. అరుసుకునేదీ చక్కబెట్టేదీ ఒక్క మనిషే.

జవాబు, విజయవాడ నుంచి:
అరుసుకోవడం మా ఇళ్లల్లో వినలేదండీ. 'కనిపెట్టుకుని ఉండటం' అంటే అందరికీ తెలుస్తుంది కదా?

మొదట అడిగినవారు:
కనిపెట్టుకుని ఉండటం మంచి మాటే. స్క్రీన్ ముందు కూర్చుని గ్రాఫ్ చూసే మనిషికి వాడతాను. సర్వర్ పోయి అడిగి వచ్చేదానికి మాత్రం అరుసుకోవడమే ఉంచుతాను. కొత్తవాళ్లకు ఒక్క ఉదాహరణతో అర్థమవుతుంది. మొర, పలకరింపు రెండూ తీసుకున్నాను తమ్మీ. అక్కా, నీరటి నాకు చాలా ఇష్టమైన మాట. కానీ అది ఒక వృత్తి పేరు, ఇంకా ఆ పని చేసేవాళ్లున్నారు. దాన్ని అడ్మిన్‌కు ఇవ్వడానికి నాకు మనసొప్పలేదు.

పాఠంలో వాక్యం ఇట్లా రాశాను, చూసి చెప్పండి: 'రౌటర్‌ను అరుసుకునే ముందు కమ్యూనిటీ పేరు (అడిగేటప్పుడు పాస్‌వర్డులా చెప్పే మాట) మార్చాలి. చాలా పరికరాల్లో అది పబ్లిక్ అనే ఉంటుంది కాబట్టి తెలిసిన ఎవరైనా వచ్చి అడగగలరు. వీలుంటే ఎస్ఎన్ఎంపీ మూడో వెర్షన్ వాడాలి. అందులో పాస్‌వర్డు, ఎన్‌క్రిప్షన్ రెండూ పెట్టుకోవచ్చు.'