అరవై దాటాక ఆన్‌లైన్‌లో సంగీతం మొదలుపెట్టినవారు ఉన్నారా?

మంజీర తీరం
అందరికీ నమస్కారం. నాకు 63 ఏళ్లు. ట్రెజరీ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాను. చిన్నప్పుడు మా నాన్నగారు అక్కకు పాట, నాకు టైపు అని పంచేశారు. టైపు నాకు ఉద్యోగం తెచ్చిపెట్టింది, పాట మీద ఆశ మాత్రం అలాగే ఉండిపోయింది. నాలుగు నెలల కిందట ఆన్‌లైన్‌లో గాత్రం క్లాసులో చేరాను. మేము 22 మందిమి. అందరి మైకులూ కట్టేసి ఉంటాయి. గురువుగారు పాడతారు, మేము ఎవరింట్లో వాళ్లం పాడుకుంటాం. నా వంతు వారానికి ఒకసారి వస్తుంది. పాడగానే “ఈ వయసులో ఇంత పాడటమే గొప్పమ్మా” అంటారు. మూడు నెలలు అదే మాట విన్నాక మానేశాను. తప్పు పాడానో ఒప్పు పాడానో నాకు తెలియాలి కదా!

నాలుగు విషయాలు చెప్పండి. గుంపులో నేర్చుకోవాలా, విడిగానా? నెలకు ఎంత అవుతుంది? ఫోను సరిపోతుందా, ట్యాబ్ కొనాలా? నన్ను ఐదున్నర శ్రుతిలో (పాటకు ఆధారంగా పట్టుకునే స్థాయి) పాడమన్నారు, పై షడ్జం (పై స) దగ్గర గొంతు పట్టేస్తోంది. అది సాధనతో పోతుందా?

గోదావరి గట్టు
నేను 67వ ఏట వయొలిన్ పట్టుకున్నాను. అసలు సంగతి ఫోను ఎక్కడ పెడుతున్నారన్నది. మొదటి రెండు నెలలు ఎదురుగా పెట్టాను, గురువుగారికి నా ముఖమే కనిపించేది. తరువాత బియ్యం డబ్బా మీద పీట వేసి, దాని మీద ఫోను నిలబెట్టి కుడివైపు నుంచి చూపించాను. వెంటనే పట్టుకున్నారు: కమాను తీగల మీద అడ్డంగా సాగడం లేదు, లాగిన ప్రతిసారీ ముందుకు జారిపోతోంది. మోచెయ్యి వెనక్కి పోతున్నందుకే అలా అవుతోందన్నారు. రోజూ గంటసేపు అద్దం ముందు కూర్చుని ఖాళీ తీగల మీద కమాను లాగాను. నలభై రోజులకు గీరుతున్నట్టుండే శబ్దం పోయింది. ఆ రోజు మా ఆవిడ వంటింట్లోంచి బయటికి వచ్చి నిలబడి విన్నది. ఇక నాకు ఏ సర్టిఫికెట్టూ అక్కరలేదు.

శ్రుతిలయ
నేను ఇరవై ఏళ్లుగా గాత్రం చెబుతున్నాను, 2020 నుంచి ఆన్‌లైన్‌లో కూడా. పెద్దవాళ్లలో ఎక్కువ మంది మూడో వారానికే “ఏదైనా కీర్తన చెప్పండి” అంటారు. సరళీ స్వరాలు, జంట స్వరాలు, ఏడు తాళాల్లో అలంకారాలు మూడు కాలాల్లో (మెల్లగా, దానికి రెట్టింపు, నాలుగింతల వేగంతో) పాడగలిగే వరకు నేను గీతం కూడా మొదలుపెట్టను. ఏడాది పట్టినా సరే. పునాది లేకుండా పాట అడిగేవాళ్లకు సంగీతం మీద గౌరవం లేదని నా అభిప్రాయం.

భీమిలి అమ్మమ్మ
అమ్మా శ్రుతిలయ గారూ, గౌరవం లేదన్న మాట వెనక్కి తీసుకోండి. నాకు 71. మోకాళ్లు రెండూ మార్పించుకున్నాను. సరళీ వరుసలతో ఏడాది గడపమంటే నాకు ఎన్ని ఏడాదులు ఉన్నాయని? మా గురువుగారు నేరుగా చిన్న కీర్తన మొదలుపెట్టారు. ఒక్కో పంక్తి పది సార్లు పాడించి, ఆ పాటలో వచ్చే స్వరాలే సాధన చేయించారు. రెండేళ్లలో 11 కీర్తనలు వచ్చాయి. మొన్న ధనుర్మాసంలో మా గుడిలో రెండు పాడాను. నా మనవరాలు తాళం వేసింది. అది సంగీతం కాదంటారా?

శ్రుతిలయ
కాదని అనలేదు. విని నేర్చుకున్నది వేరు, తెలిసి పాడేది వేరు అంటున్నాను. మొదటి పాఠం మాయామాళవగౌళ రాగంలో ఎందుకు పెట్టారో ఒకసారి ఆలోచించండి. షడ్జం (స) పక్కనే శుద్ధ రిషభం (రి), పంచమం (ప) పక్కనే శుద్ధ ధైవతం (ద). అంతర గాంధారం (గ) నుంచి మధ్యమానికి (మ) ఎంత దగ్గరో, కాకలి నిషాదం (ని) నుంచి పై షడ్జానికి అంతే దగ్గర. కింది సగం నేర్చుకుంటే పై సగం కూడా వచ్చేసినట్టే. చెవికి ఆ కొలత పట్టించకుండా పాట చెబితే పాట వస్తుంది, స్వరస్థానం రాదు. పదకొండు పాటలు వచ్చినవారికి పన్నెండోది సొంతంగా స్వరం చూసి పాడటం వచ్చా?

భీమిలి అమ్మమ్మ
రాదు. రావాలని నేను అడగలేదు. మీ దగ్గర ఏడాది సరళీ వరుసలు పాడి మధ్యలో మానేసినవారు ఎంతమంది? వాళ్ల సంగతి కూడా రాయండి.

శ్రుతిలయ
చాలామంది మానేశారు. దానికి నేనేం చేయాలి, పాఠం తగ్గించాలా?

పాత రేడియో
ఇద్దరూ కాస్త ఆగండి. మైకులు కట్టేయడం గురువుగారి తప్పు కాదు, అది ఎవరికీ తెలిసినట్టు లేదు. ముప్పై ఐదేళ్లు ఆకాశవాణి పరికరాల మధ్య గడిపినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను. గాలిలో శబ్దం సెకనుకు దాదాపు 340 మీటర్లు వెళుతుంది. వీడియో కాల్‌లో మాట సెకనులో ఐదో వంతు ఆలస్యంగా చేరిందంటే, గురువుగారు మీకు దాదాపు 70 మీటర్ల అవతల కూర్చుని పాడుతున్నట్టు లెక్క. ఆది తాళంలో అక్షరానికి (తాళంలో ఒక్కో దెబ్బకు) ఒక సెకను పెట్టుకుంటే మూడో కాలంలో ఒక్కో స్వరానికి పావు సెకను. అంటే ఇంచుమించు ఒక స్వరం వెనకబడతారు. అందరూ కలిసి పాడటం ఇందులో కుదరదు. గురువు పాడాలి, ఆగాలి, శిష్యుడు పాడాలి.

ఇంకొకటి. ఈ యాప్‌లన్నీ మాట కోసం చేసినవి. ఆగకుండా మోగే శబ్దాన్ని ఫ్యాను మోత అనుకుని తీసేస్తాయి. మీ తంబురా గురువుగారికి వినపడకపోతే కారణం అదే. జూమ్‌లో ‘ఒరిజినల్ సౌండ్’ అని ఒక మీట ఉంటుంది, అది వేసుకోండి. ఇయర్‌ఫోన్లు పెట్టుకోండి. ట్యాబ్ కొనే డబ్బుతో మంచి మైకు కొనుక్కోవచ్చు.

నేను కూడా విద్యార్థినే. ఐఐటీలు ఆన్‌లైన్‌లో నడిపే ఎన్‌పీటెల్‌లో 12 వారాల కోర్సులు మూడు చేశాను. పాఠాలు ఉచితం, పరీక్ష రాయాలంటేనే రుసుము. పరీక్ష ఇంట్లో కూర్చుని రాసేది కాదు, కేంద్రానికి వెళ్లాలి. ప్రతి వారం అప్పజెప్పే పనికి 25 మార్కులు, పరీక్షకు 75. నా చుట్టూ ఇరవై ఏళ్ల పిల్లలు, నేనొక్కణ్ణే తెల్లజుట్టు. మూడింటిలోనూ 75 దాటాయి.

కంద సాధకుడు
పాట గురించి నాకు తెలియదు గానీ, మంజీర తీరం గారి బాధ నాకు బాగా తెలుసు. నేను ఆన్‌లైన్‌లో పద్యం నేర్చుకుంటున్నాను. మా తరగతిలో 14 మందిమి, అందరమూ 60 దాటినవాళ్లమే. ఏం రాసినా చప్పట్లు కొట్టే గుంపులు రెండు చూసి ఇక్కడికి వచ్చాను. ఇక్కడి గురువుగారు నా మొదటి కందాన్ని ముక్కలు చేశారు. మొదటి పాదం మూడో గణంలో జగణం పడింది. బేసి గణం జగణం కాకూడదు కదా. సరి చేసుకుని మళ్లీ పంపాను. ఈసారి ప్రాస తప్పు అన్నారు. నేను వేసినవి చెరువు, బరువు, కరువు, పరువు. చెఱువు, కఱవు రెండూ శకటరేఫాలు (ఱ), బరువు, పరువు సాధురేఫాలు (ర), కలపరాదు అన్నారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లవారి లేచి నాలుగు పాదాలూ కొత్తగా రాశాను.

వాడుక పద్యం
ఇదే నాకు ఒళ్లు మండే సంగతి. ఇప్పుడు తెలుగులో ఎవరు పలుకుతున్నారండీ ఱ? మీరు పలకండి, నేను వింటాను. చెవికి ఒకటే అయినప్పుడు ప్రాసకు ఒకటే. చెవి కోసం పుట్టిన నియమాన్ని నిఘంటువు చూసి నడపమంటే, అరవై ఏళ్లకు ఇష్టపడి వచ్చినవాళ్లు పారిపోతారు.

కంద సాధకుడు
నేను పారిపోలేదు. నన్నయ, తిక్కన ఆ తేడా పాటించారు.

వాడుక పద్యం
తరువాతి కవులు కలిపేశారు. వాళ్లు కవులు కారా?

కొచ్చి తెలుగు
నేను కేరళలో 30 ఏళ్లుగా ఉంటున్నాను. మలయాళంలో ఈ రెండు అక్షరాలనూ ఇప్పటికీ వేరువేరుగా పలుకుతారు. పిల్లలు కూడా తప్పరు. మనం పోగొట్టుకున్నాం అంతే. పలకడం పోయిందని రాయడం కూడా పోవాలా?

వాడుక పద్యం
మలయాళంలో పలుకుతారు కాబట్టి మలయాళంలో పాటించాలి. తెలుగు చెవితో తెలుగు పద్యం రాద్దాం. గణాలు తప్పితే తప్పు అని చెప్పండి, యతి తప్పితే చెప్పండి, నేనూ చెబుతాను. చెవికి పట్టని తప్పును పట్టి ఒక పెద్దాయనకు నిద్ర లేకుండా చేయడం నాకు నచ్చలేదు.

కంద సాధకుడు
నా నిద్ర గురించి మీరు బాధపడకండి. నలభై ఏళ్లు పిల్లల కాగితాలు దిద్దాను. నా కాగితం ఒకరు అంత శ్రద్ధగా దిద్దారంటే నాకు ఆ రోజు ఎలా ఉందో మీకు తెలియదు.

పసుపు పుటలు
ఈ ఱ గొడవ వల్లనే నాకు కొత్త వ్యాపకం దొరికింది కాబట్టి చెబుతున్నాను. తెలుగు వికీసోర్స్‌లో (ఎవరైనా చేయి వేయగల ఆన్‌లైన్ గ్రంథాలయం) పాత పుస్తకాల పుటలు అచ్చుదిద్దుతున్నాను. ఎడమవైపు అక్షరాలు, కుడివైపు పాత పుట బొమ్మ. యంత్రం చదివిన అక్షరాల్లో అరసున్నలు ఎగిరిపోతాయి, ఱ కాస్తా ర అయిపోతుంది. బొమ్మను పెద్దది చేసుకుని ఒక్కొక్కటీ తిరిగి పెట్టాలి. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో ర ఉన్న మీటనే షిఫ్ట్‌తో నొక్కితే ఱ వస్తుంది. మనం దిద్దిన పుట పసుపు అవుతుంది, ఇంకొకరు సరిచూస్తే ఆకుపచ్చ. నా పుటలో తప్పు దొరికితే ఆ మనిషి దిద్ది వెళతారు, ఎక్కడ దిద్దారో ఆ పుట మార్పుల చరిత్రలో కనిపిస్తుంది. ఎవరో ముక్కూ ముఖం తెలియనివారు. రోజూ పొద్దున్నే ముందు అదే చూస్తాను. పైసా ఖర్చు లేదు.

థేమ్స్ ఒడ్డు
ఇంగ్లండ్‌లో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. ఇక్కడ యూ3ఏ (యూనివర్సిటీ ఆఫ్ ద థర్డ్ ఏజ్) అని ఉంది, 1982 నుంచి నడుస్తోంది. ఉద్యోగం విరమించినవాళ్లు తమకు వచ్చినది తోటివారికి చెబుతారు. పరీక్షలు లేవు, పట్టాలు లేవు. నేను వాళ్ల దగ్గర చెట్ల బొమ్మలు వేయడం నేర్చుకున్నాను, వాళ్లకు ముగ్గులు నేర్పాను. చుక్కల లెక్క చూసి ఒక రిటైరైన లెక్కల మాస్టారు కాగితం మీద సూత్రం వేసుకున్నారు. మన దగ్గర ప్రతిదానికీ గురువు, ఫీజు, సర్టిఫికెట్టు ఎందుకు?

మంజీర తీరం
అందరికీ ధన్యవాదాలు. ముగ్గుల దాకా వచ్చాం గానీ నెలకు ఎంత అవుతుందో ఎవరూ చెప్పలేదు. శ్రుతి సంగతీ అంతే.

రెండో ఇన్నింగ్స్
ఫీజు నేను చెబుతాను. విడిగా చెప్పేవారికి నెలకు 8 క్లాసులకు 2,400 ఇస్తున్నాను. ఒక్క మాట గట్టిగా పట్టుకోండి: ఏడాది డబ్బు ముందే కట్టకండి. నేను ఒక సంస్థకు 26,000 కట్టాను. నాలుగు నెలల్లో ముగ్గురు గురువులు మారారు. తరువాత రికార్డింగులు చూసుకోమన్నారు. డబ్బు అడిగితే “మీ అబ్బాయిని మాట్లాడమనండి” అన్నారు. కట్టింది నా పింఛను డబ్బు, మాట్లాడేది మా అబ్బాయా? ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. నెలనెలా కట్టించుకునేవారినే చూసుకోండి.

చెవి యంత్రం
వినికిడి యంత్రం పెట్టుకునేవారు ఎవరైనా ఉంటే, దానిలో సంగీతానికి వేరే అమరిక ఉందేమో మీకు అమర్చినవారిని అడగండి. నాది మాటకే అమర్చి ఉండటంతో తంబురా వణుకుతున్నట్టు వినపడేది. ఆరు నెలలు నా చెవే అపశ్రుతి అనుకుని కుమిలిపోయాను.

భీమిలి అమ్మమ్మ
మంజీర తీరం గారూ, ఐదున్నర మీకు ఎక్కువమ్మా. వయసు మళ్లాక ఆడవాళ్ల గొంతు కిందికి దిగుతుంది. నేను నాలుగులో పాడతాను. గొంతు పట్టేస్తుంటే సాధన పేరుతో దాన్ని హింస పెట్టకండి.

శ్రుతిలయ
ఈ విషయంలో అమ్మమ్మగారు చెప్పినదే నిజం. కింద మంద్ర పంచమం, పైన తార గాంధారం రెండూ ఒత్తిడి లేకుండా పలికే చోటే మీ శ్రుతి. నాలుగు పెట్టి చూడండి, చాలకపోతే నాలుగున్నర. మొదటి రెండు సరళీ వరుసలు మొదటి కాలంలో మాత్రమే పాడి, తంబురా వినపడేలా రికార్డు చేసి నాకు పంపండి. ఫీజు గురించి తరువాత మాట్లాడుకుందాం.

మంజీర తీరం
పంపాను. ఫ్యాను ఆపి, తలుపులు వేసుకుని, నాలుగు శ్రుతిలో పాడాను. పై షడ్జం పట్టకుండా పలికింది. మీరు ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

శ్రుతిలయ
విన్నాను. గొంతు బాగుంది, తాళం నిలకడగా ఉంది, టైపు చేసిన చెయ్యి కదా. రెండు తప్పులు ఉన్నాయి. ఎక్కేటప్పుడు రిషభం పైకి పోతోంది. అది షడ్జాన్ని ఆనుకునే ఉండాలి, మీరు మధ్యలో ఎక్కడో నిలబడుతున్నారు. దిగేటప్పుడు ధైవతం దగ్గర కూడా అంతే, పంచమం మీదికి వచ్చేసరికి సర్దుకుంటున్నారు. రేపటి నుంచి వారం రోజులు స రి స, స రి స అని మాత్రమే పాడండి. తంబురా ఆపకండి. ఆదివారం మళ్లీ పంపండి.

మంజీర తీరం
స రి స మొదలుపెట్టాను. ఆదివారం పంపుతాను.