అప్‌డేట్: లోడుతో కదిలేటప్పుడు పికప్ వణుకు, దోషం సెంటర్ బేరింగ్‌ది

టెంటు సామాను, 200 లీటర్ల నీళ్లు ఎక్కిస్తే ఫస్ట్ గేర్‌లో బండి కింద గుడగుడమని వణుకుతోందని అడిగాను కదా, ఖాళీగా ఉంటే ఏమీ ఉండేది కాదు. సెంటర్ బేరింగ్ (గేర్‌బాక్స్ నుంచి వెనక చక్రాలకు తిప్పుడు అందించే రెండు ముక్కల షాఫ్ట్‌ను మధ్యలో పట్టుకునేది) చూడమన్నవాళ్లకు థాంక్స్, దోషం అదే. బాలానగర్‌లో మెకానిక్ కిందికి దూరి షాఫ్ట్‌ను చేత్తో పైకెత్తితే బేరింగ్ చుట్టూ ఉన్న రబ్బరు చిరిగి ఊగుతోంది. లోడుకు వెనక భాగం కుంగి షాఫ్ట్ కోణం మారితే దెబ్బంతా ఆ రబ్బరుకే. క్లచ్ ప్లేటు, వీల్ బ్యాలెన్సింగ్‌కు సంబంధమే లేదు. యూజే క్రాస్‌లు (కోణం మారినా షాఫ్ట్‌ను తిరగనిచ్చే కీళ్లు) బాగున్నాయి, మార్చలేదు.

విప్పే ముందు రెండు షాఫ్ట్ ముక్కల మీదా గుర్తు పెట్టించండి, సుద్దతో కాదు, పెయింటుతో. స్ప్లైన్ (రెండు ముక్కలు ఒకదాంట్లో ఒకటి దిగే పళ్లు) తప్పి ఎక్కిస్తే కొత్త వణుకు మొదలవుతుంది.

అదే లోడుతో అనంతగిరి ఘాట్ ఎక్కింది, చప్పుడు లేదు.