ట్రమడాల్ (నొప్పి తగ్గించే మాత్ర) వేసుకుని వెళ్తే వైకల్య శాతం తగ్గించి రాశారు: పునఃపరీక్షకు ఏ పత్రం కావాలి?

బెంగళూరులో ఉంటున్న మా అన్నయ్యకు రెండేళ్ల క్రితం వెన్నెముక విరిగి ఎడమకాలు బలహీనపడింది. అప్పటినుంచి వైద్యుడు రాసిచ్చిన ట్రమడాల్ 50 మిల్లీగ్రాముల మాత్ర రోజుకు మూడుసార్లు వేసుకుంటున్నారు. మార్చిలో వైకల్య శాతం నిర్ణయించే వైద్యమండలి పరీక్షకు ఉదయం మాత్ర వేసుకునే వెళ్లడంతో, నొప్పి అణిగి ఉన్న ఆ గంటలో నడిపించి చూసి 35 శాతమే రాశారు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం కింద చాలా ప్రయోజనాలకు కనీసం 40 శాతం వైకల్యం తప్పనిసరి.

మందుల చీటీలు, ఎమ్మారై నివేదిక జతచేసి అప్పీలు చేశాము. నొప్పిని లెక్కించలేమని తిప్పి పంపారు. పరీక్షకు ముందు మాత్ర మానేయమని కొందరు సలహా ఇచ్చారు గానీ, ఒకసారి అలా మానితే రెండో రోజుకే చెమటలు, వణుకు, నిద్రలేమి మొదలయ్యాయి కనుక ఆ దారి మాకు వద్దు.

మాత్ర ప్రభావం లేనప్పటి కదలికను కూడా మండలి పరిగణించేలా, చికిత్స చేస్తున్న వైద్యుడి నుంచి ఎటువంటి ధ్రువపత్రం తీసుకెళ్లాలో అనుభవమున్నవారు చెప్పగలరా?