యూజ్ కేస్‌కి తెలుగు మాట దగ్గర మొదలై ‘చేసి’, ‘చేశాక’ దాకా

సాఫ్ట్‌వేర్ రిక్వైర్‌మెంట్స్ రాయడం గురించి తెలుగులో పాఠం రాద్దామని కూర్చున్నా, మొదటి మాట దగ్గరే ఆగిపోయా. యూజ్ కేస్‌ని, అంటే వాడేవాళ్లు సిస్టమ్‌తో ఒక పని ఎలా పూర్తి చేసుకుంటారో చెప్పే వివరణని, ఏమందాం? ‘వినియోగ సందర్భం’ అర్థమవుతుంది గానీ నోరు తిరగట్లేదు. ఈ పద్ధతి తెచ్చిన ఇవార్ జాకబ్సన్ స్వీడన్ ఆయన, 1980ల్లో స్వీడిష్ మాటతో మొదలెట్టి తర్వాత ఇంగ్లిష్‌లోకి మార్చుకున్నాడు, అంటే ఆ ఇంగ్లిష్ మాటా అనువాదమే, మనం మరీ భయపడక్కర్లేదు. యాక్టర్, అంటే బయటినుంచి ఆ సిస్టమ్‌తో పని జరిపేవాళ్లు, ఆ మాట సంగతి కూడా చెప్పండి.

—

‘వాడుక’ అనండి చాలు. యాక్టర్‌ని నటుడు అని మాత్రం అనకండి బాబోయ్, ఏటీఎంకి బ్యాంకు సర్వర్ కూడా యాక్టరే, అది నటించదు కదా. ‘పాత్ర’ బావుంటుంది, ఒకే మనిషి ఓసారి ఖాతాదారు ఓసారి మెషీన్‌లో డబ్బు నింపే ఉద్యోగి అయితే మనిషి ఒక్కడే, పాత్రలు రెండు.

—

నాకు యాక్టివిటీ డయాగ్రమ్, అంటే ఏ పని తర్వాత ఏ పనో బాణాలతో గీసే బొమ్మ, చూస్తే మన అసమాపక క్రియలే గుర్తొస్తాయండి. ‘చేసి’ అంటే మామూలు బాణం. ‘చేస్తే’ అంటే డైమండ్, అక్కణ్ణుంచి దారులు చీలతాయి. ‘చేసినా’ అంటే చీలిన దారులు మళ్లీ కలిసే డైమండ్, పిన్ తప్పు కొట్టినా సరిగ్గా కొట్టినా చివరికి కార్డు బయటికి రావాల్సిందే అన్నట్టు. ‘చేస్తూ’ అంటే ఫోర్క్, ఆ లావుపాటి అడ్డగీత, అక్కణ్ణుంచి పనులు సమాంతరంగా నడుస్తాయి.

ఇంకా అసలు విషయం స్విమ్‌లేన్లది, అంటే ఏ పని ఎవరిదో తెలిసేలా బొమ్మని విడదీసే పట్టీలది. ‘కార్డు పెట్టి పిన్ కొట్టాడు’, కర్త ఒకడే కాబట్టి బాణం అదే లేన్‌లో ఉంటుంది. అదే ‘అతను పిన్ కొట్టి సర్వర్ చెక్ చేసింది’ అనలేం, చెవికే తేడా కొడుతుంది, ‘కొట్టాక’ అనాలి. అంటే ‘చేశాక’ అన్నారంటే బాణం లేన్ దాటిందేమో చూసుకోవాలి.

—

పోలిక బావుంది మేడమ్, కానీ ‘వానలు కురిసి పంటలు పండాయి’ సంగతేంటి? కర్తలు వేరైనా ‘కురిసి’ కుదిరింది కదా. పైగా ‘చేస్తూ’కి కూడా రెండు పనులకీ కర్త ఒకడే ఉండాలి, ఫోర్క్‌కి ఆ పట్టింపు లేదు, వేరే లేన్లలోకి కూడా చీలొచ్చు. అక్కడ ‘ఈలోగా’ అనాలి.

—

నిజమే, అక్కడ కురవడం కారణం, పండడం ఫలితం, అందుకని చెల్లుతుంది. ‘ఈలోగా’ ఒప్పుకుంటున్నా, నాకు తట్టలేదు.

—

మొదట అడిగింది నేనే. ఇది చదివాక నా పాత డాక్యుమెంట్ తీసి చూశా, అంతా ‘రసీదు పంపబడును’, ‘వివరాలు సరిచూడబడును’. ఎవరు పంపుతారు, ఎవరు చూస్తారు? బొమ్మ గీద్దామంటే ఏ లేన్‌లో పెట్టాలో నాకే తెలీలేదు. ‘బడు’ ఉన్న వాక్యాలన్నీ కర్తతో తిరగరాస్తున్నా, పదకొండు అయ్యాయి, మూడింటికి ఇంకా కర్త దొరకలేదు. యూజ్ కేస్‌కి ‘వాడుక’ ఖాయం చేశా.