అమెరికాలో పేదోడు పైకి రావడం అంత ఈజీయేనా?

పలాస కుర్రోడు: మా అమ్మ జీడిపప్పు ఫ్యాక్టరీలో పని చేస్తాది. మా బావ ఎమ్మెస్ చేసి డల్లాస్‌లో సెటిలయ్యి ఇక్కడ మేడ కట్టాడు, అక్కడ కష్టపడితే ఎవడైనా పైకొస్తాడంటాడు, మరి అక్కడే పుట్టిన పేదోళ్లు అలాగే ఎందుకుండిపోతన్నారు?

రాజాం అక్క: తమ్ముడూ, మీ బావ డిగ్రీతో వెళ్లాడు, అక్కడ పేదింట్లో పుట్టలేదు కదా. రాజ్ చెట్టి అనే ఎకనామిస్ట్ వాళ్లు లెక్కకట్టారు, 1940లో పుట్టినోళ్లలో దగ్గరదగ్గర 90 శాతం మంది అమ్మానాన్నల కన్నా ఎక్కువ సంపాదించారంట, 1980ల్లో పుట్టినోళ్లలో సగం మందే. స్కూళ్ల డబ్బులో పెద్ద భాగం ఆ ఏరియా ఇళ్ల పన్నుల్లోంచే వస్తాది, ఇంక పేదోళ్ల పేటలో బడి ఎలాగుంటాదో నువ్వే చూడు.

బొబ్బిలి: అక్కడ ఫెడరల్, అంటే కేంద్ర ప్రభుత్వం పెట్టిన కనీస కూలి గంటకి 7.25 డాలర్లే, 2009 నుంచి పైసా పెరగలేదు. కొన్ని రాష్ట్రాలు సొంతంగా పెంచుకున్నాయిలే. నేను టెక్సాస్‌లో ఉన్నప్పుడు మాతో పనిచేసే ఒకావిడ కారు పాడైపోయింది, ఆ ఊర్లో బస్సు లేదు, రెండు వారాల్లో ఉద్యోగం పోయింది, నాకు ఇప్పటికీ బాధే.

పలాస కుర్రోడు: ఇవన్నీ బావ ఎప్పుడూ చెప్పలేదక్కా. అమ్మ బంగారం తాకట్టు పెట్టి నన్ను పంపుతానంటంది, ముందు చెల్లి ఫీజు కట్టమని చెప్తాను.