తొలి ఓవర్‌ల్యాండింగ్‌కు సెకండ్‌హ్యాండ్ బండి: పాత లో రేంజ్ బండా, కొత్త ఆల్ వీల్ డ్రైవా?

కొత్తబాటసారి:
మట్టిదారుల్లో రోజుల తరబడి తిరుగుతూ, రాత్రిళ్లు గుడారంలో గడిపే ప్రయాణాలు మొదలుపెట్టాలని ఉంది. నా దగ్గరున్న సొమ్ముకు ఇరవై ఏళ్లు దాటిన, లో రేంజ్ గేరు (వేగం తగ్గించి లాగుడు పెంచే అదనపు గేరు) ఉండి, విడి ఛాసిస్ మీద బాడీ బిగించిన బండి గానీ, లో రేంజ్ లేని ఏడెనిమిదేళ్ల ఆల్ వీల్ డ్రైవ్ బండి గానీ వస్తుంది. దేనివైపు మొగ్గాలి?

లోరేంజ్:
మొదటిదే తీసుకోండి. టయోటా ల్యాండ్ క్రూజర్ 80 సిరీస్‌లో లో రేంజ్ వేస్తే చక్రాలకు అందే లాగుడు దాదాపు 2.5 రెట్లు అవుతుంది. రాళ్లదారిని నడక వేగంతో ఎక్కవచ్చు, దిగుడులో బ్రేకులు కాలకుండా ఇంజినే బండిని పట్టి ఉంచుతుంది. ఆల్ వీల్ డ్రైవ్ బండ్లలో చాలావాటికి వెనుక చక్రాలను తిప్పేది ఒక క్లచ్ ప్లేట్ల కూర్పు. లోతైన ఇసుకలో కాసేపు పెనుగులాడితే అది వేడెక్కి చేతులెత్తేస్తుంది. విడి ఛాసిస్ లేని బండిని నేనైతే లెక్కలోకే తీసుకోను.

సుత్తిదెబ్బ:
లో రేంజ్ మాట ఒప్పుకుంటాను గానీ ఛాసిస్ మాట ఒప్పుకోలేను. 1984 నుంచి 2001 వరకు తయారైన జీప్ చెరోకీ ఎక్స్‌జేకు విడి ఛాసిస్ లేదు, అయినా లో రేంజ్ ఉంది, రాళ్లదారుల్లో దానికున్న పేరు అందరికీ తెలిసిందే. 1999లో వచ్చిన మూడో తరం పజెరో కూడా ఛాసిస్‌ను బాడీలోనే కలిపేసుకుంది.

ఇక్కడ ఎవరూ ఎత్తని సంగతి బరువు. కాగితాల్లో రాసిన గరిష్ఠ బరువులోంచి ఖాళీ బండి బరువు తీసేస్తే మిగిలేదే మీరు మోయించగలిగినది. మనుషులు, గుడారం, ఇనుప బంపరు, లీటరుకు కిలో చొప్పున తాగునీరు అన్నీ అందులోంచే పోవాలి. సుజుకీ జిమ్నీ మేకపిల్లలా గుట్టలెక్కుతుంది, నిజమే, కానీ ఇద్దరు మనుషులు, వారానికి సరిపడా సామాను ఎక్కించేసరికి ఆ లెక్క కొసకు వస్తుంది.

ఇక పాత బండే కొనేటట్టయితే దాని కింద పడుకుని చూడనిదే బేరం మాట ఎత్తకండి. వెనుక ఆక్సిల్ మీదుగా ఛాసిస్ వంపు తిరిగే చోట, స్ప్రింగులు బిగించిన చోట మట్టి పేరుకుని తడి నిలుస్తుంది. అక్కడ చిన్న సుత్తితో తట్టండి: మంచి ఇనుము ఖంగుమంటుంది, తుప్పు తిన్నది డబ్బుమంటుంది, పెచ్చులు రాలుస్తుంది. కింద తాజాగా నల్లరంగు పూసి ఉంటే ఎందుకు పూశారో అడగండి. పేరును నమ్ముకుని లాభం లేదు. 1995–2000 నాటి టకోమా పికప్‌ల ఛాసిస్‌లు తుప్పుపట్టడంతో టయోటాయే 2008లో అమెరికాలో వాటి తుప్పు వారంటీని 15 ఏళ్లకు పొడిగించాల్సి వచ్చింది. డిఫరెన్షియల్ (ఆక్సిల్ మధ్యలోని గేర్ల డబ్బా) ఆయిల్ తెల్లబారి ఉంటే లోపలికి నీళ్లు చేరినట్టే.

లోరేంజ్:
ఎక్స్‌జేను మినహాయింపుగానే చూస్తాను. పైగా తుప్పు కంటికి కనబడుతుంది, సుత్తికి దొరుకుతుంది. కొత్త బండిలో సెన్సరో కంట్రోల్ యూనిటో అడవి మధ్యలో మొరాయిస్తే స్కానర్ లేని మెకానిక్ ఏం చేయగలడు?

సుత్తిదెబ్బ:
పాత బండిలో రేడియేటరు, రబ్బరు గొట్టాలు కూడా చెప్పి పోవు కదా! బాటసారి గారు వెళ్లేవి చదునైన కంకరదారులే అయితే ఆల్ వీల్ డ్రైవ్, దానికి మంచి ఆల్ టెరైన్ టైర్లు, స్టెప్నీగా సన్నటి తాత్కాలిక చక్రం కాకుండా పూర్తి సైజు చక్రం ఉంటే సరిపోతుంది. ఇసుక, రాళ్లు, వాగులు ఉన్నాయంటే మాత్రం నేనూ లో రేంజ్ వైపే.

కొత్తబాటసారి:
వాగులు ఉన్నాయండీ. మరి కొనేముందు లో రేంజ్ పనిచేస్తుందో లేదో ఎలా చూడాలి?

సుత్తిదెబ్బ:
పార్ట్ టైమ్ ఫోర్ వీల్ డ్రైవ్ (అవసరమైనప్పుడే నాలుగు చక్రాలకూ లాగుడు కలిపేది) అయితే పొడి తారురోడ్డు మీద వద్దు. మలుపులో ముందు, వెనుక చక్రాలు వేర్వేరు దూరాలు తిరుగుతాయి కాబట్టి ముందు, వెనుక ఆక్సిళ్లకు లాగుడు పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ బిగదీసుకుపోతుంది. వదులు మట్టి మీద బండి ఆపి, న్యూట్రల్‌లో పెట్టి ట్రాన్స్‌ఫర్ కేస్ లివర్‌ను లో రేంజ్‌లోకి మార్చండి. ఏళ్ల తరబడి వాడనిదైతే లివర్ కదలనే కదలదు. కదిలి పడితే ఒక ఎగుడు ఎక్కించి, యాక్సిలరేటర్ వదిలి దింపండి. దిగుతున్నప్పుడు గేరు దానంతటదే జారిపోతే ఆ బండిని అక్కడే వదిలేసి రండి.