పదకొండు మంది చిత్రకారుల బృందం పద్ధతి మార్చుకోవాలంటే ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

తీరంగీతలు:
విశాఖలో 11 మంది బృందం. ఏటా ఒక హాలు అద్దెకు తీసుకోవడం, మనిషికి 5 బొమ్మలు పెట్టడం, ఖర్చు సమానంగా పంచుకోవడం ఇప్పటిదాకా పద్ధతి. చూడ్డానికి వచ్చేది చుట్టాలు, తోటి చిత్రకారులే. ఇకమీదట హాలు మానేసి కాఫీ షాపుల్లో, ఖాళీ దుకాణాల్లో ఏడాదికి మూడు చిన్న ప్రదర్శనలు పెట్టాలని ఆలోచన. రిజిస్ట్రేషన్ లేదు, డబ్బంతా ఒకరి సొంత ఖాతాలోనే ఉంటుంది. ముందు ఏది మార్చాలి?

కుంచెకట్ట:
ముందు ఆ "మనిషికి 5" తీసేయండి. 55 బొమ్మలు ఒకచోట పెడితే తీర్థంలో కొట్టు పెట్టినట్టే ఉంటుంది. ఎన్ని పట్టాలో గోడనే చెప్పనివ్వండి: 60 సెం.మీ. వెడల్పు ఫ్రేములు, మధ్యలో 45 సెం.మీ. ఖాళీ అనుకుంటే 9 మీటర్ల గోడకు 8 పడతాయి. తొమ్మిదోది ఇరికించొద్దు.

ఎంపికకు ముగ్గురు చాలు. అందులో ఒకరు బృందం బయటివారు కావాలి. ఎంపిక చేసినవాళ్ళ బొమ్మలు ఆ విడత ఉండకూడదు. ఈ నియమం లేకపోతే రెండో ప్రదర్శనకే గొడవ. మూడింట్లోనూ అందరూ ఉండాలన్న పట్టుదల కూడా వదిలేయండి. గ్రూప్ 1890 అనే చిత్రకారుల బృందంలో 12 మంది ఉన్నా 1963లో ఢిల్లీలో పెట్టింది ఒక్క ప్రదర్శనే. దాని గురించి ఇప్పటికీ చెప్పుకుంటున్నారు కదా.

లెక్కలపద్దు:
డబ్బు సంగతి. సమాన వాటాలో చిక్కేమిటంటే, ఏమీ అమ్ముడుపోనివాళ్ళు మూడో ఏట తప్పుకుంటారు. కొంత ముందుగా, మిగతాది అమ్మకాల నుంచి తీయండి. ఉదాహరణకు ఖర్చు 42,000, పాల్గొనేది ఆరుగురు. తలా 4,000 వేస్తే 24,000. మిగతా 18,000 అమ్మకాల్లో 25% నుంచి రావాలంటే 72,000 విలువైన బొమ్మలు అమ్ముడవ్వాలి. అవకపోతే లోటు ఎవరు భరించాలో ముందే రాసుకోండి. తర్వాత రాసుకుందాంలే అంటే ఎవరూ రాయరు.

సంఘంగా నమోదుకు ఆంధ్రప్రదేశ్ సంఘాల నమోదు చట్టం, 2001 ప్రకారం ఏడుగురు సభ్యులు చాలు. నమోదయ్యాక సంఘం పేరున పాన్, ఆపైన బ్యాంకు ఖాతా. చేత్తో వేసిన చిత్రాల మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 12% కాదు, 5%. పాత బిల్లు నమూనా వాడుతుంటే మార్చండి. బయటి రాష్ట్రం వాళ్ళు కొంటే నిబంధనలు వేరు, ఆడిటర్ని అడగాల్సిందే.

పెద్ద బొమ్మ ఎప్పుడు అమ్ముడవుతుందా అని కూర్చోకండి. 1966లో చిత్రకారుడు కె.సి.ఎస్. పణికర్ ఆధ్వర్యంలో చెన్నై దగ్గర మొదలైన చోళమండలం చిత్రకారుల గ్రామం నిలదొక్కుకుంది బాతిక్ (బట్ట మీద మైనపు అద్దకం) లాంటి చేతిపనుల అమ్మకాలతోనే. మీకైతే సంతకం చేసి, సంఖ్య వేసిన చిన్న ప్రింట్లు సరిపోతాయి.

తీరంగీతలు:
ధన్యవాదాలండి. ఇంకోటి: దుకాణం వాళ్ళు గోడకు డ్రిల్లు వేయనివ్వరు. రెండు వైపులా అంటుకునే టేపుతో సరిపెట్టొచ్చా?

గోడమేకు:
వద్దండి. డిస్టెంపర్ గోడ మీద సముద్రపు తేమకు పెయింటుతో సహా ఊడొస్తుంది. 8×4 అడుగుల 12 మి.మీ. ప్లైవుడ్ షీట్లు రెండేసి చొప్పున తలుపు బందులతో కలిపి పుస్తకం తెరిచినట్టు నిలబెట్టండి. షీటు ఒక్కోటి 20 కిలోల పైనే ఉంటుంది, మోయడానికి ఇద్దరు కావాలి. మరీ విప్పి తిన్నగా చేస్తే పడిపోతుంది.

బొమ్మ నడిమధ్య నేల నుంచి 148 సెం.మీ. దగ్గర ఉండాలి. మేకు ఎత్తు లెక్క ఇది: 148కి ఫ్రేము ఎత్తులో సగం కలపండి. వెనక తీగను వేలితో పైకి లాగి పట్టి, ఫ్రేము పై అంచు నుంచి తీగ దాకా ఎంతుందో కొలిచి తీసేయండి. 60 సెం.మీ. ఎత్తున్న ఫ్రేముకు ఆ దూరం 8 అయితే 148+30−8, అంటే 170. తీగ ప్లాస్టిక్ పూత ఉన్న స్టీలుదే వాడండి. చేపల నైలాన్ దారం సాగి, వారానికి బొమ్మ కిందికి జారుతుంది.

నీటిరంగులైతే వెలుతురు 50 లక్స్ (వెలుతురు కొలత) దాటనివ్వొద్దు. పడమటి కిటికీ ఎదురుగా అసలు పెట్టొద్దు, కాఫీ యంత్రం పక్కన కూడా. కాగితం అద్దానికి తగలకుండా చుట్టూ మందపాటి అట్ట (మౌంట్) ఉండాలి, తగిలితే తేమకు అతుక్కుపోతుంది. ఫ్రేము వెనక కింది మూలల్లో 5 మి.మీ. కార్కు ముక్కలు అంటిస్తే గాలి ఆడుతుంది, బూజు పట్టదు.

దుకాణదారుతో ఒక పేజీ కాగితం రాసుకోండి. బొమ్మల జాబితా, కొలతలు, ధర, ముందూ వెనకా ఫొటోలు, దించే తేదీ, కాఫీ ఒలికితే ఎవరు కట్టాలి. ఈ ఆఖరిది నోటిమాటగా వదిలేయకండి.